యాభై దాటాక విమానం ఎగరేయడం నేర్చుకున్నాను

పోయిన దసరా సెలవుల్లో, యాభై ఒక్క ఏళ్ల వయసులో, రిమోటుతో నడిచే విమానం ఒకటి కొన్నాను. కొన్న నాలుగో రోజున దానిని గాలిలోకి విసిరితే, నాలుగు సెకన్లు కూడా ఎగరకుండానే ఎడమకు ఒరిగి, ముక్కుతో నేలను గుద్దుకొని రెండు ముక్కలయింది. నేను ముప్ఫై ఏళ్లుగా ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి, ఇంటికి రాగానే చేసిన మొదటి పని దానికొక పద్దు పుస్తకం తెరవడం. తేదీ, గాలి ఎలా ఉంది, ఎన్నిసార్లు ఎగిరింది, ఎక్కడ దిగింది, ఏది విరిగింది అని అయిదు గడులు గీసి, చివరి గడిలో 'అన్నీ' అని రాశాను. ఈ తొమ్మిది నెలల సంగతులు చాలావరకు ఆ పుస్తకం చూసే రాస్తున్నాను.

నేను కొన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం పోలికలో ఉన్న ఫోమ్ నమూనా. అందంగా ఉందని కొన్నాను. రెక్క శరీరానికి కింది భాగంలో ఉండే అటువంటి విమానం ఒకసారి ఒరిగితే తనంతట తాను నిలదొక్కుకోదనీ, అది గాలిలో నిలబడాలంటేనే మంచి వేగం కావాలనీ, కొత్తవాడి చేతికి ఇవ్వకూడనిది ఏదైనా ఉంటే అదేననీ నాకు చెప్పినవాడు కోఠి గుజరాతీ గల్లీలో పరిచయమైన ఒక ఇరవై నాలుగేళ్ల అబ్బాయి. రెక్కల మీద, తోక మీద ఉండే పలకలను కదిపే చిన్న సర్వో మోటారు ఒకటి విరిగితే, దానికి జత వెతుక్కుంటూ నేను ఆ ఎలక్ట్రానిక్స్ దుకాణాల మధ్య తిరుగుతుంటే, అతను నా చేతిలోని ముక్కలను చూసి ఆగాడు. బడిలో ఉన్నప్పుడు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నాడట. నేను కథంతా చెప్పాక నవ్వకుండా, "సైకిల్ నేర్వకముందే బుల్లెట్ బండి కొన్నరంకుల్" అన్నాడు. తరువాతి ఆదివారం నుంచి అతనే నాకు గురువు. ఫీజు ఏమిటని అడిగితే, పెట్రోలు పోయించి దారిలో టిఫిన్ పెట్టిస్తే చాలన్నాడు.

శిక్షణ విమానాన్ని కొనకుండా తయారు చేయించడం అతని పట్టుదల. తయారు చేసినవాడికే బాగుచేయడం వస్తుందనీ, నాకు బాగుచేసే పని చాలా ఉంటుందనీ అతను ముందే ఊహించి ఉంటాడు. శరీరానికి ఇళ్ల ముందు 'టు లెట్' బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు, రెక్కకు వంచినా మళ్లీ నిటారుగా వచ్చే ఇపిపి ఫోమ్ తెచ్చాం. రెక్క పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 200 మిల్లీమీటర్లు. అది శరీరానికి పైన కూర్చుంటుంది, రెండు కొనలూ కాస్త పైకి లేచి ఉంటాయి. ఆ లేచి ఉండడాన్ని డైహెడ్రల్ అంటారు. విమానం ఒకవైపు ఒరిగి జారినప్పుడు వాలిన రెక్కకు గాలి ఎక్కువగా తగిలి తిరిగి సమంగా లేవనెత్తుతుంది. 1000 కేవీ (అంటే వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే) బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే 30 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్, తొమ్మిదేసి గ్రాముల సర్వోలు నాలుగు, మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఆరు ఛానెళ్ల ఫ్లైస్కై రిమోటు. అన్నీ అమరాక వంటింటి త్రాసు మీద 780 గ్రాములు తూగింది.

ఆ త్రాసు సంగతిలో ఇంట్లో కొంత అసంతృప్తి ఏర్పడింది కానీ, దానికంటే పెద్దది గమ్ము సంగతి. క్షణంలో అంటుకునే గమ్ముతో అతుకులు వేయడం అలవాటు చేసుకుందామని ఫ్రిజ్ డబ్బాలోంచి తీసిన మామూలు థర్మాకోల్ ముక్క మీద నాలుగు చుక్కలు వేస్తే, అది అతుక్కోకుండా నా కళ్ల ముందే కరిగి గుంట పడింది; ఆ గుంటలోంచి కారిన గమ్ము భోజనాల బల్ల మీద ఇప్పటికీ ఉంది. ఇపిపి ఫోమ్‌కు ఆ గమ్ము పనికివస్తుంది, థర్మాకోల్‌కు పనికిరాదు.

బరువు మధ్యబిందువును, అంటే అందరూ సీజీ అనే దానిని, సరిచూసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. రెక్క ముందు అంచు నుంచి 55 మిల్లీమీటర్ల దగ్గర, అంటే వెడల్పులో నాలుగో వంతు దాటిన చోట, అడుగున అటొకటి ఇటొకటి పెన్నుతో చుక్కలు పెట్టి, ఆ చుక్కల కింద రెండు చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తమన్నాడు. తోక కిందికి దిగింది. బ్యాటరీని ఒక వేలెడు ముందుకు జరిపి మళ్లీ ఎత్తాను. ఈసారి కాసేపు ఊగి, ముక్కు పిసరంత కిందికి వాలి నిలిచింది. తోక బరువైతే విమానం మాట వినదు, ముక్కు బరువైతే కాస్త మొద్దుగా ఎగురుతుంది, అంతే. బ్యాటరీ ఉండవలసిన చోట శరీరం లోపల ఒక గీత గీసుకున్నాను. లెక్కల మనిషికి ఇంతకంటే తృప్తినిచ్చే పని ఈ విద్యలో మరొకటి తగల్లేదు.

అయినా వెంటనే ఎగరనివ్వలేదు. ఉచితంగా దొరికే పికాసిమ్ అనే సిమ్యులేటర్‌ను లాప్‌టాప్‌లో వేయించి, అసలు రిమోటునే తీగతో దానికి తగిలించి, వరుసగా ఇరవై సార్లు కూల్చకుండా ఎక్కించి దించేదాకా పొలానికి రావద్దన్నాడు. నాకు పందొమ్మిది రాత్రులు పట్టింది. ఎడమ కర్ర పైకీ కిందికీ కదిలితే మోటారు వేగం, అంటే థ్రాటిల్; పక్కలకు కదిలితే ముక్కును అటూ ఇటూ తిప్పే తోకమీది రడ్డర్. కుడి కర్ర ముందుకూ వెనక్కూ కదిలితే ముక్కును దించి ఎత్తే ఎలివేటర్, పక్కలకు కదిలితే రెక్కల వెనక అంచున ఉండి విమానాన్ని ఒరిగించే పలకలు, ఏలిరాన్లు. ఇది కంఠస్థం కావడానికి ఒక్క రోజు చాలింది. నా ఇబ్బంది వేరే.

ఇరవై రెండేళ్లుగా కారు నడుపుతున్నాను. మలుపులో స్టీరింగు తిప్పి, మలుపు పూర్తయ్యేదాకా పట్టుకొని ఉండడం నా చేతులకు ఎముకల్లోకి దిగిన అలవాటు. విమానంలో అలా కాదు. కుడి కర్రను పక్కకు నెడితే విమానం ఒరుగుతుంది. కావలసినంత ఒరగగానే కర్రను మధ్యకు తెచ్చెయ్యాలి, అది ఆ ఒరుగులోనే ఉండి మలుపు తిరుగుతూ ఉంటుంది. మలుపు చాలనుకున్నప్పుడు ఎదురువైపు కాస్త నెట్టి సమం చేయాలి. నేను కర్రను పట్టుకొనే ఉండేవాణ్ణి. విమానం ఒరుగుతూ ఒరుగుతూ పక్కకు తిరగబడి, పైకి ఎత్తే బలమంతా పక్కకు మళ్లి, ముక్కు దించి నేలకు దిగిపోయేది. సిమ్యులేటర్‌లో కూలినందుకు ఖర్చు లేదు కానీ, పందొమ్మిది రాత్రులూ దాదాపు ఒకే విధంగా కూల్చాను.

చోటు వెతకడం ఇంకో పని. ఇటువంటి విమానాలకు కూడా 2021 డ్రోన్ నియమాలే వర్తిస్తాయి. 250 గ్రాములకు మించి రెండు కిలోల లోపు ఉన్నది 'మైక్రో' తరగతి. సరదాకు ఎగరేసేవారికి ఆ తరగతిలో పైలట్ లైసెన్సు అక్కరలేదు, కానీ చోటు మాత్రం డ్రోన్ల కోసం ప్రభుత్వం ఇచ్చిన మ్యాపులో ఆకుపచ్చ ప్రాంతంలో ఉండాలి, 400 అడుగుల ఎత్తు దాటకూడదు. హైదరాబాదు చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అంటూ ఎటు చూసినా ఏదో ఒక రన్‌వే ఉండడంతో మా ఇంటి దగ్గరి మైదానాలేవీ పనికిరాలేదు. చివరకు విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దాటాక ఒక వెంచర్ దొరికింది. ప్లాట్లు అమ్ముడుపోయి ఉంటాయి కానీ ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవు. ఉత్తరదక్షిణాలుగా వేసిన నలభై అడుగుల తారు రోడ్డు, అటూ ఇటూ మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలో కనబడకుండా పసుపు రంగు వేసిన హద్దు రాళ్లు. రోడ్డు మా రన్‌వే అయింది, హద్దు రాళ్లు మా పద్దు పుస్తకంలోకి ఎక్కాయి. కాపలా ఉండే పెద్దాయన మొదటి రోజున మేము సర్వేవాళ్లమేమోనని అనుమానపడి, తరువాత మంచం తెచ్చి రోడ్డు పక్కన వేసుకొని కూర్చున్నాడు.

డిసెంబరు మొదటి ఆదివారం, మంచు వీడి ఆకు కూడా కదలని ఉదయాన, రెండు రిమోట్లను తీగతో కలిపాం. అతను తన రిమోటు మీది స్విచ్ వేసి ఉంచినంతసేపూ విమానం నా చేతిలో ఉంటుంది, తీసేసిన మరుక్షణం అతని చేతికి పోతుంది. అతను ఎక్కించి, ముప్ఫై మీటర్ల ఎత్తులో సమంగా పెట్టి, "మీది" అన్నాడు. నేను ముట్టుకోగానే అది పడవలా ఊగడం మొదలుపెట్టింది. ఎడమకు ఒరిగితే కుడికి నెట్టాను, కుడికి ఎక్కువగా ఒరిగింది, మళ్లీ ఎడమకు. "అంకుల్, వదిలేయండి." వదల్లేకపోయాను. "రెండు బొటనవేళ్లూ పైకెత్తండి అంకుల్, అదే ఎగురుతది." ఎత్తాను. రెండుసార్లు ఊగి, డైహెడ్రల్ పుణ్యమా అని సమమై, నా ప్రమేయం ఏమీ లేకుండా చెరువు కట్టవైపు నిదానంగా పోసాగింది. పెద్దవయసులో చెయ్యి మొద్దుబారి ఆలస్యంగా కదులుతుందని భయపడుతూ వచ్చానే కానీ, నా చెయ్యి ఊరుకోకపోవడమే అసలు తప్పని ఆ రోజుదాకా తోచలేదు. ఏదో ఒకటి చేస్తూ ఉంటేనే బాధ్యతగా ఉన్నట్టు ముప్ఫై ఏళ్లుగా అలవాటు పడినవాణ్ణి. ఆ నెలంతా అతను నాకు నేర్పిన పాఠం దాదాపు అదొక్కటే: కర్రను నాలుగో వంతు మాత్రం జరపడం, మధ్యకు తేవడం, ఏమవుతుందో చూడడం.

విమానం మనకు దూరంగా పోతున్నంతసేపు దాని కుడీ మన కుడీ ఒకటే. మనవైపు తిరిగి వస్తుంటే తారుమారవుతాయి. బుర్రతో లెక్క కట్టే వ్యవధి ఉండదు. "కుడి ఎడమలు మర్చిపోండంకుల్. ఏ రెక్క కింద ఉందో ఆ దిక్కే కర్ర నెట్టండి" అన్నాడు. వాలిన పందిరికి వాలిన వైపునే గుంజ పెట్టినట్టు, వాలిన రెక్క కిందికి కర్రను తోసినట్టు ఊహించుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నానికే ఎదురు రాకలో భయం సగం తగ్గింది. పుస్తకంలో ఆ పేజీ మీద పెద్ద అక్షరాలతో 'గుంజ' అని ఉంది.

సంక్రాంతికి ముందూ వెనకా పది రోజులు మానేశాం. ఊళ్లో పిల్లలు పతంగులతో పొలాలన్నీ నింపేశారు; ప్రొపెల్లరుకు మాంజా చుట్టుకుంటే రెంటికీ ప్రమాదం.

ఆ విరామంలో కళ్లద్దాల సంగతి చూసుకున్నాను. నాకు చత్వారం వచ్చి ఎనిమిదేళ్లయింది. రెండు భాగాల అద్దాలతో ఆకాశంలోకి చూస్తూ మధ్యలో రిమోటు వైపు కళ్లు దించితే, మళ్లీ తలెత్తేసరికి విమానం ఎటు తిరిగి ఉందో అంతుపట్టేది కాదు. నూట యాభై మీటర్లు దాటితే అది ఒక నల్లని గీత మాత్రమే. దూరపు చూపుకు మాత్రమే ఉండే అద్దాలు వేరుగా చేయించుకొని, రిమోటు వైపు చూడకుండా వేళ్లతోనే స్విచ్చులు పోల్చుకోవడం అలవాటు చేసుకొని, రెక్క పైభాగానికి నారింజ రంగు, అడుగుభాగానికి నల్లని అడ్డచారలు అంటించాను. ఇప్పుడు చారలు కనిపిస్తే పొట్ట, రంగు కనిపిస్తే వీపు. ఆ రోజుల్లోనే మెయినార్డ్ హిల్ అనే అమెరికన్ గురించి చదివాను. 2003 ఆగస్టులో ఆయన చేసిన అయిదు కిలోల లోపు మోడల్ విమానం న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లండుకు దాదాపు ముప్ఫై తొమ్మిది గంటలు ఎగిరి అట్లాంటిక్ మహాసముద్రం దాటింది. అప్పటికి ఆయన వయసు 77, చూపు దాదాపుగా పోయింది. ఐర్లండులో దించడం ఇతరులే చేశారు. నా చత్వారాన్ని సాకుగా చెప్పుకోవడం అంతటితో మానుకున్నాను.

ఫిబ్రవరిలో జరిగిన రెండు ప్రమాదాలకూ కారకుణ్ణి నేనే. మొదటిది: రెక్కలో సర్వో మార్చి, తీగలు తిరిగి తగిలించేటప్పుడు ఏలిరాన్లు తిరగబడ్డాయి. ఎగరగానే ఎడమకు ఒరిగింది, కుడికి నెట్టాను, ఇంకా ఎడమకు ఒరిగింది, ఇంకా కుడికి నెట్టాను. అబ్బాయి స్విచ్ తీసేసుకున్నా, తప్పు రిమోటులో కాక విమానంలోనే ఉంది కాబట్టి లాభం లేకపోయింది. నేరుగా హద్దు రాయి మీదికి పోయింది. అప్పటినుంచి ప్రతిసారీ ఎగరేసే ముందు విమానం వెనుక నిలబడి, కర్రను ఏ వైపు జరిపితే ఆ వైపు ఏలిరాన్ పైకి లేస్తోందో లేదో పైకి అనుకుంటూ చూస్తాను. కాపలా పెద్దాయన దానిని నా జపం అంటాడు.

రెండోది ఇంట్లో. ప్రొపెల్లర్ తీయకుండా బ్యాటరీ తగిలించి ట్రిమ్ (కర్రలు వదిలేసినప్పుడు పలకలు ఉండే స్థానం) సరిచేస్తున్నాను. చొక్కా చెయ్యి తగిలి ఎడమ కర్ర పైకి జరిగింది. చూపుడువేలికి మూడు కుట్లు పడ్డాయి. "బ్యాటరీని మట్టికుండలో పెట్టి చార్జ్ చేస్తారు, వేలిని మాత్రం ఫ్యానులో పెడతారేమండీ?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆమె చెప్పిన కుండ నిజమే. లిపో బ్యాటరీ దెబ్బతింటే మంట అందుకుంటుందని పాత మట్టి పూలకుండీ అడుగున ఇసుక పోసి, అందులో పెట్టి, ఎదురుగా కూర్చునే చార్జ్ చేస్తాను. నిండినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టులు, వారం రోజులు వాడకుండా ఉంచాలంటే 3.8. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ప్రొపెల్లర్ ఇంట్లోకి వచ్చేటప్పుడు విమానానికి ఉండదు, నా సంచిలో ఉంటుంది.

దించడం రావడానికి మిగిలినవన్నీ కలిపి పట్టినంత కాలం పట్టింది. ఎక్కడం, తిరగడం, ఎనిమిది అంకె వేయడం జనవరి చివరకే వచ్చాయి. దిగేటప్పుడు విమానం రోడ్డుకు ఇవతలే పడిపోయేలా ఉందని అనిపిస్తుంది. కన్ను ఆ మాట చెప్పగానే చెయ్యి కుడి కర్రను వెనక్కు లాగి ముక్కు ఎత్తుతుంది. ముక్కు ఎత్తితే ఎత్తు పెరుగుతుందన్నది మోటారు బలం ఉన్నప్పటి మాట. మోటారు తగ్గించి ఉన్నప్పుడు ముక్కు ఎత్తితే వేగం చచ్చి, రెక్క మీది గాలి విడిపోయి, ఏదో ఒక రెక్క చటుక్కున జారుతుంది. దానినే స్టాల్ అంటారు. రెండు మీటర్ల ఎత్తులో అది జరిగితే సరిచేసే చోటు ఉండదు. అందుకే దిగేటప్పుడు ముక్కును కాస్త కిందికే ఉంచి వేగాన్ని కాపాడుకోవాలి; చేరదని అనిపిస్తే ముక్కు జోలికి పోకుండా మోటారు పెంచాలి, ఎక్కువైందనిపిస్తే తగ్గించాలి; నేలకు మోకాలెత్తులో మాత్రమే కుడి కర్రను మెల్లగా వెనక్కు తేవాలి. ఇది చదవడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం, ఎందుకంటే పడిపోతున్న వస్తువు ముక్కును కిందికి పట్టుకొని ఉండమని చెప్తే మనసు ఒప్పుకోదు.

నలభై మూడు దింపుల వరకు నా పుస్తకంలో 'గడ్డి', 'గడ్డి', 'రాయి', 'గడ్డి' అనే ఉంది. నలభై నాలుగోసారి, శివరాత్రి తరువాతి ఆదివారం, అబ్బాయి తీగ విప్పేసి తన రిమోటు సంచిలో పెట్టుకొని, ఆ పెద్దాయన మంచం మీద పోయి కూర్చున్నాడు. నేనే ఎక్కించాను. ఆరు నిమిషాలకు పెట్టుకున్న టైమర్ మోగింది. దక్షిణం వైపు నుంచి తిప్పి, రోడ్డుకు వరుసగా తెచ్చి, మోటారు తగ్గించాను. పసుపు రాళ్లు దాటుతుంటే కుడి బొటనవేలు లాగబోయింది. దానిని కర్ర మీదినుంచి ఎత్తి గాలిలో పట్టుకున్నాను. చక్రాలు తారుకు తగిలి, ఒకసారి ఎగిరి, మళ్లీ తగిలి, సన్నని గరగర చప్పుడుతో పది మీటర్లు దొర్లి ఆగింది. నా మోకాళ్లు వణుకుతున్నాయని అబ్బాయి వచ్చి భుజం పట్టుకున్నాక తెలిసింది. "రోడ్డు" అని రాయడానికి పెన్ను అడిగితే, "ముందు థ్రాటిల్ లాక్ చేయండంకుల్" అన్నాడు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే రోడ్డు మీది వేడిగాలి పైకి లేచి విమానాన్ని దిగనిచ్చేది కాదు. ఆ వేడిగాలి మీద తిరిగే గద్దలు మా విమానాన్ని కూడా తమ కులంలో చేర్చుకోవాలా వద్దా అన్నట్టు దగ్గరకు వచ్చి చూసేవి. ఒకటి మాత్రం రెండుసార్లు కాళ్లు చాచి మీదికి దూకింది. మోటారు తగ్గించి కిందికి దించేస్తే విడిచిపెట్టింది. అవి గుండ్రంగా తిరుగుతున్న చోటికి తీసుకుపోతే మోటారు ఆపినా రెండు నిమిషాలు ఎత్తు తగ్గదని ఆ వేసవిలోనే తెలుసుకున్నాను.

జూన్‌లో అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు నేనూ పెద్దాయనే. ఆషాఢం గాలి పడమటి నుంచి రోడ్డుకు అడ్డంగా కొడుతోంది. చలికాలం ఉదయాల్లో గాలే లేకపోవడంతో, రోడ్డు ఉత్తరదక్షిణాలుగా ఉండడం ఒక ఇబ్బంది అని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. విమానం ముక్కును గాలివైపు వంకరగా పెట్టి తెచ్చి, చివరి క్షణంలో రడ్డర్‌తో రోడ్డుకు సరిచేయాలి. రడ్డర్ ఎడమ బొటనవేలి పని. ఆ వేలికి ఇప్పటిదాకా మోటారు తప్ప మరో సంగతి తెలియదు. ఇప్పటివరకు ఖర్చు 26,340 రూపాయలు, ఎగిరింది 143 సార్లు, రోడ్డు మీద దిగింది 58 సార్లు. మొన్నటి ఆదివారం పద్దు ఇలా ఉంది: గాలి పడమర, గట్టిగా, ఎగిరింది మూడుసార్లు, దిగింది గడ్డి, గడ్డి, రోడ్డు అంచు, విరిగింది ఎడమ చక్రం.